తల కొలిచిన చేతులు, టోపీ పెట్టిన చేతులు

(శ్రమ చరిత్ర పాఠాలు – 11)



పోయిన భాగంలో చెప్పుల గురించి రాశాను. ఆ పోస్టు చదివి మా కాలేజీ పిల్లలు కొందరు "కాళ్ళ చరిత్ర చెప్పారు, మరి తల సంగతేంటి మేడమ్?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఈ దేశంలో కులం కాళ్ళకి చెప్పులు వద్దన్నట్టే తలకి గుడ్డ కూడా వద్దంది. అందుకే ఈసారి తల మీదికొద్దాం. ఊలు టోపీ, లేసు టోపీ లాంటి అల్లిన టోపీల చరిత్ర చెప్తాను. చిన్న విషయమే కదా అని దాటేయకండి. ఒక తలకి సరిగ్గా సరిపోయే టోపీ తయారవ్వాలంటే ఎవరో ఒకరు ఆ తలని కొలవాలి, ఎవరో ఒకరు గంటల తరబడి కూర్చుని అల్లాలి, ఎవరో ఒకరు దాని ధర లెక్క కట్టాలి. ఈ మూడు పనులూ చేసింది ఒక్కరే అయితే ఈ వ్యాసం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

1. ముందు మాట సంగతి

తెలుగులో టోపీకి పాత మాట కుళ్ళాయి. పారశీకంలో టోపీని కులాహ్ అంటారు, అక్కడి నుంచే మనకొచ్చింది. విజయనగర దర్బారులో పెద్ద మనుషులు పొడుగాటి కుళ్ళాయి పెట్టుకుని, కబాయి తొడుక్కుని నిలబడేవాళ్ళు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మల్లో ఆ టోపీలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎప్పుడైనా ఎక్స్‌కర్షన్‌కి వెళ్తే తల పైకెత్తి చూడండి.

తెలుగు ఎమ్మే చదివిన వాళ్ళకి శ్రీనాథుడి చాటువు ఒకటి గుర్తొచ్చే ఉంటుంది. విజయనగర రాజుగారి దర్శనం కోసం ఆ ఊరి పద్ధతిలో కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని, నానా తిప్పలూ పడ్డానని కవి విసుక్కున్న పద్యం అది. పద్యం బాగుంటుంది, కాదనను. నా బాధ వేరే. ఒక పండితుణ్ణి టోపీ పెట్టుకోమన్నందుకు పుట్టిన పద్యం ఐదారు వందల ఏళ్ళు నోటి మీద నిలిచింది. ఊళ్ళో దొర ఎదురైతే తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాల్సి వచ్చిన మా తాతల మీద ఎన్ని పద్యాలు నిలిచాయి? కొత్త తలపాగాతో పెళ్ళి ఊరేగింపు వీధిలోకొస్తే దెబ్బలు తిన్న పెళ్ళికొడుకుల మీద ఎన్ని నిలిచాయి? నేను ఎమ్మేలో చదువుకున్న సిలబస్‌లో ఒక్కటీ లేదు. ఆ చరిత్ర మన పల్లెల్లో ముసలాళ్ళ మాటల్లో ఉంది. రాసుకునేవాళ్ళు లేకపోతే ఆ మాటలతో పాటే పోతుంది.

ఇంకో మాట కూడా ఉంది: కుచ్చుటోపీ. ఎవడైనా మోసం చేస్తే "వాడికి కుచ్చుటోపీ పెట్టాడ్రా" అంటాం. టోపీ పెట్టడమంటే మోసం చేయడమని అర్థం ఎలా వచ్చిందో గానీ, అల్లిన టోపీ చరిత్ర చదివిన కొద్దీ ఆ మాట ఎంత సరిగ్గా సరిపోయిందో అనిపిస్తుంది. ఈ కథలో టోపీ అల్లేవాళ్ళు ఒకరు, టోపీ పెట్టేవాళ్ళు వేరొకరు.

2. టోపీ అల్లడమంటే లెక్క చేయడం

"ఆడవాళ్ళు టీవీ చూస్తూ అల్లుకుంటారు, అదేం పని" అనేవాళ్ళ కోసం ఈ భాగం. కాస్త ఓపిగ్గా చదవండి, లెక్కలున్నాయి.

రెండు సూదులతో ఊలు టోపీ అల్లాలంటే మొదట తల చుట్టుకొలత తీసుకోవాలి. నుదుటి మీదుగా, చెవులకి కొంచెం పైగా, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా టేపు తిప్పాలి. 56 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. టోపీని 56కే అల్లితే జారిపోతుంది, అల్లిన బట్ట సాగుతుంది కాబట్టి. అందుకని 4 సెంటీమీటర్లు తగ్గించి 52కి అల్లాలి.

ఇప్పుడు 52 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు? అది ఊలు లావునిబట్టి, సూది లావునిబట్టి, అల్లే చేతి బిగువునిబట్టి మారుతుంది. ఒకే ఊలు, ఒకే సూదులు ఇద్దరికి ఇస్తే ఇద్దరి టోపీలూ ఒక సైజులో రావు. అందుకే ముందు చిన్న ముక్క అల్లి, 10 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టుకోవాలి. 20 పడితే సెంటీమీటరుకి 2, అంటే 52కి 104 కుట్లు. అంచు దగ్గర రెండు మామూలు కుట్లు, రెండు తిరగ కుట్లు వేసి పట్టీలా అల్లాలంటే మొత్తం 4తో భాగింపబడాలి. 104 భాగింపబడుతుంది, సరిపోయింది. పడకపోతే మళ్ళీ సర్దుకోవాలి.

అలా గుండ్రంగా 36 వరసలు అల్లాక నడినెత్తి మొదలవుతుంది. 104ని 8 భాగాలు చేస్తే భాగానికి 13 కుట్లు. వరస విడిచి వరస ప్రతి భాగంలో ఒక కుట్టు తగ్గించుకుంటూ పోతే 24 వరసల్లో 8 కుట్లు మిగులుతాయి. దారం వాటిలోంచి లాగి ముడేస్తే టోపీ పూర్తి. మొత్తం కూడితే దాదాపు 5,000 కుట్లు. నిమిషానికి 25 కుట్లు వేసే చేతికి కూడా 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో లేచి పొయ్యి మీద అన్నం చూడటం, ఏడ్చే బిడ్డని ఎత్తుకోవడం ఈ లెక్కలో లేవు.

ఇదే టోపీని ఇంట్లో వాడే అల్లిక మిషను మీద వేయొచ్చు. వరసగా ఉన్న సూదుల మీదుగా ఒక పెట్టెలాంటి దాన్ని అటునుంచి ఇటు తోస్తే 104 కుట్లు ఒక్కసారిగా పడతాయి. గుండ్రంగా కాకుండా పలకగా వస్తుంది కాబట్టి తర్వాత పైన కుచ్చులా లాగి, పక్కన కుట్టుకోవాలి. అయినా అరగంట, ముప్పావు గంటలో తేలిపోతుంది. తలని కొలవడం, ముక్క అల్లి చూసుకోవడం, భాగించడం మాత్రం మిషనుకైనా తప్పవు. ఆ బుర్ర పని మనిషిదే.

మరి క్రోషా? ఒకే ఒక కొక్కెం సూదితో అల్లే మన లేసు పని. రెండు సూదుల అల్లికలో వరస మొత్తం కుట్లు సూది మీద వరసగా నిలబడి ఉంటాయి కాబట్టి మిషను వాటిని పట్టుకోగలిగింది. క్రోషాలో ఒక్క కుట్టే సూది మీద ఉంటుంది. ఆ కొక్కెం ప్రతిసారీ అల్లినదాంట్లోకి ఒక కొత్త చోట దూరి దారం లాక్కురావాలి. వ్యాపార స్థాయిలో ఆ పని చేసే మిషను ఇవాళ్టికీ లేదు. క్రోషా మిషను అనే పేరుతో ఉన్నవి అల్లేది క్రోషాలా కనిపించే వేరే రకం బట్టని. కాబట్టి ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: ప్రపంచంలో ఏ మాల్‌లోనైనా, ఏ ఆన్‌లైన్ షాపులోనైనా నిజమైన క్రోషా టోపీ కనిపిస్తే, దాన్ని ఒక మనిషి చేత్తో కుట్టు కుట్టుగా అల్లింది. దాని ధర మరీ చవగ్గా ఉంటే ఆ చవక ఎవరి చేతిలోంచి వచ్చిందో మీరే ఊహించుకోండి.

3. టోపీ చట్టం, మిషను, ఉరితాడు

అల్లిన టోపీ మీద చట్టమే చేసిన దేశం ఇంగ్లండు. 1571లో ఎలిజబెత్ రాణి కాలంలో ఒక చట్టం వచ్చింది. ఆరేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ ఆదివారాలు, పండగల రోజుల్లో ఇంగ్లండులో తయారైన ఊలు టోపీ పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే రోజుకి 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. టోపీలల్లి బతికేవాళ్ళకి పని పోకుండా చేయడం కోసమని చెప్పారు. అయితే ప్రభువులకీ, దొరసానులకీ, భూములున్న పెద్దలకీ మినహాయింపు. అంటే నెత్తిన ఊలు టోపీ ఉంటే వీడు మామూలు మనిషి అని దూరం నుంచే తెలిసిపోయేది. 1597లో ఆ చట్టం ఎత్తేశారు.

చట్టం నడుస్తున్న రోజుల్లోనే, 1589లో, నాటింగ్‌హామ్‌షైర్‌లోని కాల్వర్టన్ ఊరికి చెందిన విలియమ్ లీ మేజోళ్ళు అల్లే ఫ్రేమ్ తయారు చేశాడు. ప్రపంచంలో మొదటి అల్లిక యంత్రం అదే. చేతితో అల్లుకుని బతికే పేదల నోట్లో మట్టి కొడుతుందని రాణి అతనికి పేటెంటు ఇవ్వలేదని కథగా చెప్తారు. ఇచ్చినా ఇవ్వకపోయినా ఫ్రేములు వచ్చాయి. వచ్చాక అవి అల్లేవాళ్ళ సొంతం కాలేదు, వ్యాపారుల సొంతమయ్యాయి. పనివాడు తన ఇంట్లోనే ఫ్రేమ్ పెట్టుకుని, తన ఇంటివాళ్ళందరితో పనిచేసి, ఆ ఫ్రేముకి వారం వారం వ్యాపారికి అద్దె కట్టాలి. పని తక్కువున్న వారం కూడా అద్దె తప్పదు.

1811లో నాటింగ్‌హామ్ చుట్టుపక్కల పనివాళ్ళు రాత్రిళ్ళు వచ్చి ఆ ఫ్రేములు పగలగొట్టారు. వాళ్ళే లడ్డైట్లు. ఇవాళ కంప్యూటరంటే భయపడేవాళ్ళని వెక్కిరించడానికి ఆ పేరు వాడుతున్నారు, అది అన్యాయం. వాళ్ళు ఫ్రేముల మీదే తరతరాలుగా బతికిన నిపుణులు. కూలి తగ్గించి, నాసిరకం సరుకు తీయించి, వాళ్ళ పనితనాన్ని పనికిరానిదిగా చేసిన యజమానుల ఫ్రేముల మీదే వాళ్ళ కోపం. 1812లో పార్లమెంటు ఏం చేసిందో తెలుసా? ఫ్రేమ్ పగలగొడితే ఉరిశిక్ష అని చట్టం చేసింది. ప్రభువుల సభలో కవి బైరన్ తన మొదటి ప్రసంగంలోనే దాన్ని వ్యతిరేకించాడు. అయినా చట్టం వచ్చింది.

ఇందులో మనకో పాఠం ఉంది. "చేత్తో అల్లితే మంచిదా, మిషనుతో అల్లితే మంచిదా?" అన్న చర్చ ఎప్పుడూ సగం చర్చే. ఆ మిషను ఎవరిది, ఆ ఊలు ఎవరిది, ధర చెప్పే నోరు ఎవరిది అన్నది మిగతా సగం. అంబేడ్కర్ కూడా యంత్రాన్ని తిట్టలేదు. చేతిపనుల పల్లెటూరి జీవితాన్ని స్వర్గంలా చూపించిన వాళ్ళతోనే ఆయన పోట్లాడారు. యంత్రం మనిషికి తీరికనివ్వాలి, ఆ తీరిక అందరికీ దక్కేలా సమాజం మారాలి అన్నది ఆయన దారి.

4. ఎరుపు టోపీ తెల్లగా ఉన్నప్పుడు

హైదరాబాదు పాత ఫొటోల్లో నిజాం కాలపు ఉద్యోగులు, విద్యార్థులు పెట్టుకున్న ఎర్ర రూమీ టోపీ చూసే ఉంటారు. పైన నల్ల కుచ్చు ఉంటుంది. మన కుచ్చుటోపీ అంటే ఇలాంటిదే. దాని అన్నలాంటిది ట్యునీషియాలోని షెషియా. 1609లో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడ్డ ముస్లింలు ట్యూనిస్‌కి చేరి ఆ పనిని అక్కడ పెద్ద పరిశ్రమ చేశారు.

షెషియాని మొదట ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని తెల్ల ఊలుతో చేత్తో అల్లుతారు. అప్పుడది తలకంటే చాలా పెద్దదిగా, వదులు సంచిలా ఉంటుంది. తర్వాత వేడినీళ్ళలో, సబ్బులో మర్దించి కుదిస్తారు. ఊలు పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట గట్టిపడుతుంది. తర్వాత ఎర్ర రంగు అద్ది, అచ్చు మీద ఎక్కించి, తల సైజుకి తెస్తారు. ఈ చివరి పనులు చేసే ఉస్తాదులు మగవాళ్ళు. ట్యూనిస్ పాత బజారులో అంగళ్ళు వాళ్ళవి, పేరూ వాళ్ళదే. ఇంట్లో అల్లిన ఆడమనిషి పేరు అంగట్లో ఎక్కడా ఉండదు. ఆమె పని తెల్లగా ఉన్నప్పుడే అయిపోతుంది. రంగు ఎక్కాక అది ఉస్తాదు పనైపోతుంది.

తర్వాత ఆస్ట్రియా ఫ్యాక్టరీలు ఈ ఎర్ర టోపీలని మిషన్ల మీద కుప్పలుగా తీసి తూర్పు దేశాలకి అమ్మాయి. 1908లో ఆస్ట్రియా బోస్నియాని కలిపేసుకున్నప్పుడు, కోపంతో టర్కీ జనం ఆస్ట్రియా టోపీలని బహిష్కరించారు. తమ గౌరవానికి గుర్తుగా నెత్తిన పెట్టుకున్న టోపీ ఎక్కడ తయారైందో అప్పుడు చూసుకున్నారు.

5. నరసాపురం: మిషను లేని చోట మనిషే మిషను

ఇప్పుడు మన గోదావరికొద్దాం.

1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో సహా ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టారు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టా పచ్చబడింది, భూమి ఉన్నవాడు బాగుపడ్డాడు. భూమి లేని మాల, మాదిగలు ఆ పచ్చటి పొలాల్లో కూలీలుగానే మిగిలారు. క్రైస్తవం తీసుకున్నవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. అదే 19వ శతాబ్దంలో గోదావరి ప్రాంతపు మిషనరీ స్త్రీలు ఈ కొత్త క్రైస్తవుల ఆడవాళ్ళకి లేసు అల్లడం నేర్పారు. అల్లిన సరుకు విదేశాల్లో తెలిసినవాళ్ళకి అమ్మి ఆ డబ్బులు ఇచ్చేవాళ్ళు. అలా మొదలైంది నరసాపురం లేసు.

ఈ కథని ఇప్పుడు ఎలా చెప్తున్నారో గమనించండి. "తెల్ల దొరసానులు పేద స్త్రీలకి కళ నేర్పారు" అంటారు. సూది పట్టడం నేర్పారు, నిజమే. బడి పెట్టారు, అక్షరం ఇచ్చారు, ఆ రుణం మేం కాదనం. కానీ దారం మాకు కొత్తా? తెలుగు నేల మీద ముతక బట్ట నేసినవాళ్ళలో మాలలు ఉన్నారు. తెలంగాణలో నేతకాని అని కులం పేరులోనే నేత ఉంది, ఎస్సీ జాబితాలో ఉంది. పోగు లెక్క, బిగువు, చూపు తరతరాలుగా ఆ చేతుల్లో ఉన్నవే. మా వాళ్ళకి నేర్పిన ప్రతిదాన్నీ దానంగా రాసిన చరిత్ర, మా వాళ్ళకి ముందే తెలిసినదాన్ని రాయలేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఇవాళ్టి వ్యాసాల్లో "నరసాపురం మహిళలు" అని ఉంటుంది. మొదట సూది పట్టింది మాల, మాదిగ స్త్రీలని మాత్రం ఉండదు. కులం తీసేస్తే కథ శుభ్రంగా ఉంటుందని కాబోలు.

1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ పని మీద పరిశోధన చేసింది. 1982లో అది పుస్తకంగా వచ్చింది. ప్రతి విద్యార్థీ చదవాల్సిన పుస్తకం. ఆ ప్రాంతంలో లక్షకు పైగా స్త్రీలు లేసు పనిలో ఉన్నారని రాసింది. రోజుకి 8 గంటల పని కింద లెక్క కడితే వాళ్ళకి వచ్చేది సగటున 56 పైసలు. వ్యవసాయ కూలి స్త్రీలకి అప్పట్లో ఉన్న కనీస కూలిలో అది మూడో వంతు కూడా కాదు.

అంత తక్కువకి ఎందుకు చేశారు? మీస్ జవాబు ఇది: వాళ్ళని ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. "ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు, తీరిక వేళల్లో అల్లుకుంటారు" అన్నారు. అప్పటికి లేసు పనిలో ఎక్కువమంది కాపు స్త్రీలు. గడప దాటకపోవడం, పొలంలోకి దిగకపోవడం గౌరవమని వాళ్ళకి నూరిపోశారు. ఆ గౌరవం కోసం పొలం కూలి కంటే తక్కువకి నడుం విరిగేలా కూర్చున్నారు. ఎగుమతి వ్యాపారం మాత్రం మగవాళ్ళ చేతిలో పెరిగింది. మరోవైపు పొలం పనికి వెళ్ళిన దళిత స్త్రీలకి కూలి కొంచెం ఎక్కువే దక్కింది. గుంపుగా పనిచేస్తారు కాబట్టి కూలి గురించి గొంతెత్తే అలవాటూ ఉంది. ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. కులం కాపు స్త్రీకి ఇచ్చిన గోషా గౌరవం ఆమె కూలిని కొరుక్కు తింది. ఆమె మన శత్రువు కాదు. ఆమెకి చెప్పిన అబద్ధమే మన ఇద్దరికీ శత్రువు.

పనిని ముక్కలు చేయడం ఇంకో కిటుకు. చిన్న చిన్న పువ్వులు, బిళ్ళలు అల్లేది ఒకరు, అది చేతిపని. వాటిని కలిపి పెద్ద ముక్క చేసేది ఇంకొకరు, అది అతుకుపని. దారం ఇచ్చేది, సరుకు తీసుకునేది ఏజెంటు. పూర్తయిన వస్తువు ఎంతకి అమ్ముడుపోతుందో అల్లినావిడకి తెలియదు. ఇంగ్లండు వ్యాపారికి కనీసం ఫ్రేమ్ కొనాల్సి వచ్చింది. ఇక్కడ అదీ అక్కర్లేదు. ఇల్లు ఆమెది, దీపం ఆమెది, కళ్ళు ఆమెవి, వేళ్ళు ఆమెవి. క్రోషాకి మిషను లేదన్నాను కదా, మిషను లేని చోట ఆడమనిషినే మిషను చేశారు.

మా పెద్దమ్మ చంటిపిల్లల లేసు టోపీలు అల్లేది. టేపు ఉండేది కాదు. పిల్ల తల చుట్టూ దారం తిప్పి, ముడేసి, ఆ ముడిని అల్లిక మీద పెట్టి చూసుకునేది. సాగుతుందని రెండు వేళ్ళు తగ్గించేది. నేను పైన రాసిన లెక్కంతా ఆమె దారం మీదే చేసేసేది. ఆర్డరు సరుకైతే ఏజెంటు ఇచ్చిన కొలతకి అల్లాలి. అర వేలు తేడా వస్తే డబ్బులు కోత పెట్టేవాడు. ఇచ్చిన దారం తక్కువ తూగిందని ఒకసారి, మాసిందని ఒకసారి కోసేవాడు. కోసిన ముక్కని మాత్రం వెనక్కి ఇచ్చేవాడు కాదు. "పనికిరానిదైతే నాకిచ్చెయ్యి బాబూ, మా మనవరాలికి పెడతా" అని ఆమె అడిగేదట. పనికిరాని సరుకు కూడా ఎక్కడో అమ్ముడుపోతుందని ఆమెకి తెలుసు. అందుకే అడిగేది.

6. అదే శతాబ్దంలో ఇంకో టేపు

మా ఆడవాళ్ళు దారంతో పిల్లల తలలు కొలుస్తున్న రోజుల్లోనే సర్కారు ఇనుప కొలబద్దలతో మన తలలు కొలవడం మొదలుపెట్టింది.

ఎడ్గార్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 దాకా మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా తిరిగి కులాల వారీగా మనుషుల తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు కొలిచాడు. వెడల్పుని పొడవుతో భాగించి 100తో గుణిస్తే ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యలని పట్టికలుగా వేశాడు. 1909లో రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు తెచ్చాడు. అందులో మాలలున్నారు, మాదిగలున్నారు, మన ఇంటిపేర్లున్నాయి. మన నోరు మాత్రం లేదు. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ఇంకా ముందుకెళ్ళాడు. ముక్కు సన్నగా ఉంటే కులం పెద్దది, వెడల్పుగా ఉంటే కులం చిన్నది అని సిద్ధాంతమే చేశాడు.

టోపీ అల్లే ఆవిడ తల కొలిస్తే ఆ తలకి ఎండ తగలకుండా, చలి తగలకుండా ఒక వస్తువు వస్తుంది. ప్రతి తలా వేరని ఆమె లెక్కకి తెలుసు, అందుకే ప్రతి తలకీ మళ్ళీ కొలుస్తుంది. థర్‌స్టన్ కొలిస్తే కొన్ని తలల సగటు వస్తుంది, ఆ సగటు కులమంతటికీ అంటుకుంటుంది. చేతిలో ఉన్నది రెండు చోట్లా కొలతే. కొలిచాక ఆ మనిషికి ఏం ఇచ్చావన్నదే తేడా.

ఈ తలకొలత శాస్త్రాన్ని దాని కొలతలతోనే పడగొట్టినవాడు బాబాసాహెబ్. 1936 నాటి కులనిర్మూలన ఉపన్యాసంలోనే పంజాబు బ్రాహ్మణుడికీ పంజాబు చమారుకీ, మద్రాసు బ్రాహ్మణుడికీ మద్రాసు పరయకీ జాతిలో తేడా ఏముందని నిలదీశాడు. 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఆ ముక్కుల పట్టికలనే ముందు పెట్టుకున్నాడు. ఈ కొలతలు శాస్త్రమే అని మీరంటే, వాటి ప్రకారం బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని తేల్చాడు. అంటరానితనానికి మూలం రక్తంలో లేదు, సమాజంలో ఉందని చెప్పడానికి వాళ్ళ టేపునే వాడాడు. విద్యార్థులు నేర్చుకోవాల్సిన పద్ధతి ఇది. ఎదుటివాడి లెక్కని చూసి పారిపోకండి, తీసుకుని మళ్ళీ చేయండి.

7. ఇప్పుడు మన లెక్క

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఊరి పేరుకి రక్షణ వచ్చింది. అల్లే చేతికి వచ్చిందా? ఇంటి దగ్గర పనిచేసే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. ఇంట్లో కూర్చుని పనిచేసినా కార్మికురాలే, మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అది చెప్తుంది. మన దేశం ఇంతవరకు దాన్ని ఆమోదించలేదు. పేరుకి గుర్తింపు ఇచ్చిన ప్రభుత్వం, మనిషికి ఇవ్వాల్సిన గుర్తింపు దగ్గర ఆగింది.

చదివి లైకు కొట్టి వెళ్ళిపోకుండా మీరు చేయగలిగిన పనులు నాలుగు చెప్తాను.

ఒకటి: గోదావరి జిల్లాల పిల్లలు మీ ఇంట్లో, మీ పేటలో లేసు సూది పట్టిన అవ్వలు, పెద్దమ్మలు ఉంటే ఈ సెలవుల్లో కూర్చుని మాట్లాడండి. ఎవరు నేర్పారు, ఏజెంటు ఎంత ఇచ్చేవాడు, ఎందుకు మానేశారు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేసి, పేరుతో, ఊరితో, ఆమె ఒప్పుకుంటే కులంతో సహా రాయండి.

రెండు: పక్కన కూర్చుని వాచీ పెట్టుకోండి. నిమిషానికి ఎన్ని కుట్లు, ఒక ముక్కకి ఎన్ని కుట్లు, ఎన్ని గంటలు, చేతికి వచ్చింది ఎంత? గంటకి ఎంత పడిందో తేల్చి, మీ జిల్లా కనీస వేతనంతో పోల్చండి. పైన నేను 5,000 కుట్ల లెక్క వేసింది అందుకే. ఆ కాగితం లేబర్ ఆఫీసులో బల్ల మీద పెడితే "తీరిక వేళల్లో అల్లుకుంటారు సార్" అనే మాటకి చోటుండదు.

మూడు: ముక్కకి ఇంత అని ఇచ్చే రేటుని గంటల లెక్కతో కట్టాలని, అల్లే ప్రతి మనిషికీ కార్మికురాలిగా గుర్తింపు కార్డు ఇవ్వాలని అడుగుదాం. ఈ పోరాటంలో మాల, మాదిగ, కాపు స్త్రీలు ఒకే చాప మీద కూర్చోవాలి. కూర్చోబెట్టడం కష్టమని తెలుసు. కష్టమని వదిలేస్తే ఏజెంటుకే సుఖం.

నాలుగు: సాహిత్య విద్యార్థులకి ప్రత్యేకంగా. శ్రీనాథుడి కుళ్ళాయి పద్యం పరీక్షలో వస్తే చక్కగా రాయండి, మార్కులు తెచ్చుకోండి. తర్వాత మీ ముత్తాత తలగుడ్డ కథ కూడా రాయండి. దానికి మార్కులు వేసేవాళ్ళు ఇప్పుడు లేకపోవచ్చు. రాసినవి వందయితే సిలబస్ కమిటీ ముందు పెట్టి, ఇది తెలుగు సాహిత్యం కాదా అని అడిగే హక్కు మనకొస్తుంది.

మన తలలని చాలామంది కొలిచారు. మన లెక్క మనమే చేసుకునే రోజులివి. పైన చెప్పిన రెండో పని ఎవరైనా చేస్తే ఆ అంకెలు నాకు పంపండి. వచ్చే భాగంలో గొంగడి గురించి రాస్తాను, ఆ తర్వాతి భాగం మీ లెక్కలతోనే ఉంటుంది.

జై భీమ్. జై సావిత్రీబాయి.